నడుస్తది అన్న మాట

మా చంద్రపూర్‌లో పరీక్ష చేసే ఉద్యోగాలకు కొదవ లేదు. బొగ్గులో బూడిద ఎంతో చూసేవాళ్లున్నారు. సిమెంటు గట్టిదనం చూసేవాళ్లున్నారు. ఊర్జానగర్‌లో కరెంటు ప్లాంటు పొగను చూడటానికి జీతమిచ్చి మనుషులను పెట్టుకున్నారు. ఆ పొగనే మిగతా ఊరంతా ఉచితంగా చూస్తుంది. నేను గిటార్లు చూశాను. అందులోనూ చవక ఎలక్ట్రిక్ గిటార్లు.

పదవీ విరమణ అనడం నా విషయంలో పెద్ద మాట. వాద్యాల దుకాణంలో పదవి ఉండదు, స్టూలు ఉంటుంది. నా మోకాళ్లు ఒకనాడు ఆ స్టూలు ఎక్కలేమన్నాయి, నేను ఇంటికి వచ్చేశాను. ఇప్పుడు ల్యాబుల్లోనో ఫ్యాక్టరీల్లోనో కొత్తగా చేరిన మన పిల్లలు కనిపించి, వస్తువును ఎలా పరీక్షించాలో చెప్పమంటే నాకు నవ్వొస్తుంది. వస్తువును చూడటం ఎవరైనా నేర్చుకుంటారు. చూసింది చూసినట్టు అవతలివాడికి చేరేలా చెప్పడం వేరే విద్య. నాకది రాదని ఒక మనిషి వల్ల తెలిసింది.

మా నాన్న కరీంనగర్ వైపు నుంచి బొగ్గు గనికి వచ్చినవాడు. ఆయన నన్ను గనిలోకి పంపకుండా కాలేజీకి పంపాడు. నేను ఫిజిక్సు చదివి, ధ్వని తరంగాల మీద మంచి మార్కులు తెచ్చుకుని, ఆ మార్కులతో వచ్చిన ఒకే ఒక ఉద్యోగంలో, అంటే చంద్రపూర్ బజారులో హార్మోనియాలూ ఢోలకులూ అమ్మే దుకాణంలో చేరాను. సేటు మరాఠీ మనిషి, నెమ్మదస్తుడు. పెట్టెల్లో వచ్చిన ప్రతి గిటారునూ చూసి, అమ్మవచ్చో వెనక్కి పంపాలో చెప్పడం నా పని. నా పక్కన హార్మోనియాలు బాగుచేసే పెద్దాయన కూర్చునేవాడు. ఆయన దృష్టిలో ఊపిరి తీసుకోనిది వాద్యమే కాదు. ఎలక్ట్రిక్ గిటారును ఆయన తీగలు కట్టిన, కూరగాయలు తరిగే పీట అనేవాడు. కొన్ని గిటార్ల విషయంలో అది ఆయన ఉదారత.

చవక గిటారు గురించి నాలుగు ముక్కలు చెప్పకపోతే ఈ కథ అర్థం కాదు. ఖరీదైనదాన్ని ఎవరైనా మెచ్చుకోగలరు. చవకదాన్ని చూసేవాడు, తయారుచేసినవాడు ఎక్కడ ఖర్చు మిగిలించాడో వెతకాలి. రంగులో మిగిలించడు, అది కంటికి కనిపిస్తుంది. తంత్రులు బిగించే మరల్లో మిగిలిస్తాడు, లోపలి వైర్ల అతుకుల్లో మిగిలిస్తాడు, అన్నిటికన్నా ముఖ్యంగా మెడలో మిగిలిస్తాడు. గిటారు మెడ లోపల పొడుగునా ఒక ఇనుప రాడ్ ఉంటుంది. తంత్రుల లాగుడుకు మెడ ముందుకు వంగితే, అలెన్ కీ అనే చిన్న ఇనుప పుల్లతో ఆ రాడ్‌ను బిగించి నిటారు చేస్తారు. మెడ వంగితే తంత్రులు పైకి లేస్తాయి. లేచిన తంత్రిని నొక్కితే ఎక్కువ సాగుతుంది. సాగితే సుర్, అంటే శ్రుతి, తప్పుతుంది. విచిత్రమేమిటంటే నొక్కకుండా మీటితే సుర్ సరిగ్గానే ఉంటుంది. ట్యూనర్ పెట్టి చూస్తే అన్నీ బరోబర్ అని పచ్చ దీపం వెలుగుతుంది. వాయిస్తే మాత్రం అపశ్రుతి. వినేవాడికి తప్పు వేళ్లదే అనిపిస్తుంది.

ఈ గిటార్లు ఏ దేశంలో తయారైనా, చంద్రపూర్ మే నెలను ఊహించి తయారుచేసినవి కావు. మే నెలలో ఇక్కడ మనుషులే వంగిపోతారు.

ఇక నా తీర్పుల సంగతి. నాకు దేన్నైనా ఒక మెట్టు తగ్గించి చెప్పడం చిన్నప్పటి నుంచీ అలవాటు. గిటారు అద్భుతంగా ఉంటే 'పర్వాలేదు' అనేవాణ్ణి. ఒక మోస్తరుగా ఉంటే 'సరే' అనేవాణ్ణి. కొనకపోతేనే మంచిది, కానీ కొన్నా ప్రాణం పోదు అనుకున్నదాన్ని 'నడుస్తది' అనేవాణ్ణి. హార్మోనియం పెద్దాయన ఈ భాషను త్వరగానే పట్టేశాడు. కొత్త సేల్స్‌మన్ ఎవరు చేరినా, ముందు నా మాటలకు అర్థాలు నేర్పించేవాడు. కొనడానికి వచ్చినవాళ్లకు మాత్రం ఎవరూ నేర్పించలేదు.

ఇందులో ఇంకో చిక్కుంది. 'నడుస్తది' అని తెలుగులో అంటే, బండి నడుస్తది అన్నట్టు: తోయాల్సిన పని లేదు, అంతకు మించి ఆశపడకు. దాన్నే మా సేటు మరాఠీలో 'చాలేల్' అనేవాడు. మాటకు మాట సరిపోతుంది, మనసుకు మనసు సరిపోదు. మరాఠీలో 'చాలేల్' అంటే ఒప్పుకోలు. టీ తాగుతారా? చాలేల్. రేపు రమ్మంటారా? చాలేల్. అందులో సణుగుడు లేదు. మన గని కాలనీల పిల్లలంతా మరాఠీ బళ్లో చదువుకున్నవాళ్లు. నోట్లో తెలుగు, తలలో మరాఠీ. 'నడుస్తది' అని వాళ్ల చెవిన వేస్తే, లోపలికి వెళ్లేసరికి అది 'చాలేల్' అయిపోతుంది. ఈ భాషాశాస్త్రమంతా నాకు తర్వాత తట్టింది. అక్కరకు వచ్చే జ్ఞానమంతా నాకు తర్వాతే తడుతుంది.

అతను వర్షాకాలంలో వచ్చాడు, భార్యతో కలిసి. ఘుగ్గుస్ గని కాలనీలో పుట్టి పెరిగిన తెలుగువాడు. సాస్తి వైపు గనిలో మట్టి తీసే కాంట్రాక్టు కంపెనీలో పనిచేసేవాడు. కంపెనీ పని ముగించుకుని వెళ్లిపోతూ యంత్రాలన్నిటినీ జాగ్రత్తగా లారీలకెక్కించి తీసుకుపోయింది. మనుషులను దించిన చోటే వదిలేసింది. చిన్నప్పుడు కాలనీ చర్చిలో ఎవరిదో పాత గిటారు మీద నేర్చుకున్న విద్య తప్ప అతని దగ్గర వేరే సర్టిఫికెట్టు లేదు. చంద్రపూర్‌లో పెళ్లిళ్లకూ గణపతి మండపాలకూ వాయించే ఒక ఆర్కెస్ట్రా పార్టీ ఉండేది. దాని మాస్టరు అతని వాయింపు ఎక్కడో విని, సొంత ఎలక్ట్రిక్ గిటారుతో వస్తే వేసవి పెళ్లిళ్లలో ఒక ప్రోగ్రాంకు పెట్టి చూస్తానన్నాడట. నచ్చితే పార్టీలో చోటు. నచ్చకపోతే మళ్లీ ఏదో ఒక కాంట్రాక్టరు గేటు ముందు నిలబడటం.

ఇదంతా అతను చెప్పలేదు, ఆమె చెప్పింది. ఆమెది ఆసిఫాబాద్ వైపు, తెలుగు బళ్లో చదివింది. అతను గోడకున్న ఖరీదైన గిటారు వైపు చూస్తూ నిలబడ్డాడు. ఊరికే వాయించి చూడమని దించి ఇచ్చాను. అతను రుమాలుతో చేతులు తుడుచుకుని, కూర్చుని వాయించాడు. ఎంతసేపు వాయించాడో నాకు తెలియదు. హార్మోనియం పెద్దాయన చేతిలోని పని ఆపి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకోలేదు. అతని వాయింపు ఎట్లుందని తర్వాత నన్ను అడిగితే 'పర్వాలేదు' అనేవాణ్ణి.

కానీ అతను కొనగలిగింది అది కాదు. కింద వరసలో ఎర్రటిది ఒకటుంది, మెరుస్తూ. నేను దాన్ని తీసి పద్ధతిగానే చూశాను. మెడ మీద తుపాకీ గురి చూసినట్టు కన్ను పెట్టి చూశాను, నిటారుగా ఉంది. మెడ మీది అడ్డకమ్మీల మధ్య గడి గడికీ నొక్కి విన్నాను. వానాకాలపు చల్లదనంలో సుర్ బాగానే ఉంది. రాడ్‌ను తిప్పి చూడలేదు. వంకర లేని మెడను సరిచేసి చూసే పద్ధతి మా దుకాణంలో లేదు, నాకు తెలిసి వేరే ఎక్కడా లేదు. మరలు వదులు. అతుకులు నాసి. మొత్తం మీద నా మూడో రకం. ఆ మాటే చెప్పాను.

“నడుస్తది తమ్మీ.”

అతని మొహం వెలిగింది. నేను ఆ వెలుగును గమనించాను. గిటారు దొరికిన సంతోషమనుకున్నాను.

ఆమె మాత్రం నా మొహం వైపే చూస్తోంది. “నడుస్తది అంటే బాగున్నట్టా అన్నా, బాగలేనట్టా?” అంది.

నా ఉద్యోగ జీవితంలో నన్ను ఎవరైనా అడిగిన ఒకే ఒక్క సరైన ప్రశ్న అది. దానికి నేను చెప్పిన జవాబు ఇది:

“మీ ఆయన ఎట్లుంటడని మీ అమ్మ అడిగితే నువ్వేమంటవ్ చెల్లె? గదే.”

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. అతను ఇంకా గట్టిగా నవ్వాడు. సేటుకు అర్థం కాకపోయినా మర్యాదకు నవ్వాడు. మంచి జోకే. ఇప్పటికీ అందులో లోపం కనబడదు.

“ఇగ చాలేల్ అంటుండుగదనే. సార్‌కు నచ్చింది,” అన్నాడు అతను భార్యతో. సార్ మీద గౌరవంతో గిటారును రెండు చేతులతో ఎత్తుకుని వెళ్లాడు.

చలికాలంలో ఒకసారి బజారులో కనిపిస్తే గిటారు ఎట్లుందని అడిగాను. మస్తున్నది అన్నాడు. కొంచెం గట్టిగా నొక్కాల్సి వస్తోందని, తన వేళ్లకే బలం చాలడం లేదని, రోజూ ఎక్కువసేపు సాధన చేస్తున్నానని చెప్పాడు. ఒకసారి తీసుకురా, చూస్తాను అన్నాను. మీరు చూసిచ్చిందే గదన్నా, మళ్ల ఏం చూస్తరు అన్నాడు. అది మొహమాటం కాదు, నమ్మకం. మొహమాటమైతే బతికిపోయేవాళ్లం.

ఆ ప్రోగ్రాం మే నెలలో, బల్లార్‌పూర్ దారిలో ఉన్న ఒక పెళ్లి లాన్‌లో పడింది. మా దుకాణం ఆంప్లిఫయర్లు అద్దెకిచ్చేది. వాటితో పాటు నన్నూ పంపేవారు. ఎండ తగ్గకముందే వెళ్లాం. గుడ్డ పందిరి కింద గాలి వెతికినా దొరకలేదు. ఆర్కెస్ట్రా కుర్రాళ్లు ఐసుగడ్డల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నారు. అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని, గిటారును ఒళ్లో పెట్టుకుని, తడిగుడ్డతో ఎర్రరంగు మీది దుమ్ము తుడుస్తున్నాడు. ఆమె పందిరి చివర కుర్చీలో కూర్చుంది.

రిహార్సల్ మొదలైంది. మొదటి పాటలో పైగడుల దగ్గరకు చేయి వెళ్లగానే మాస్టరు తల తిప్పి చూశాడు. అతను ఆపి, ట్యూనర్ పెట్టి చూసుకున్నాడు. పచ్చ దీపం. మళ్లీ వాయించాడు. మళ్లీ అదే. మాస్టరు వచ్చి తనే ట్యూనర్ పెట్టి చూశాడు. ఆరు తంత్రులకూ ఆరుసార్లు పచ్చ దీపం వెలిగింది. ట్యూనింగ్ బరోబర్ ఉంది, వేళ్లే తప్పుతున్నాయి అని మరాఠీలో అన్నాడు. కోపంగా అనలేదు. డాక్టర్లు చెప్పినట్టు చెప్పాడు.

నేను అప్పటికే వేదిక ఎక్కాను. గిటారు తీసుకుని మెడ మీద కన్ను పెడితే విల్లులా ఉంది. జేబులో అలెన్ కీ ఉంది. అది లేకుండా నేను స్నానానికి తప్ప ఎక్కడికీ వెళ్లేవాణ్ణి కాదు. కొద్దిగా బిగిస్తే చాలు, మెడ లేస్తుంది, తంత్రులు దిగుతాయి, రాత్రి భోజనాల వేళకు అందరం నవ్వుకోవచ్చు. కీ పెట్టి తిప్పాను. తిరిగింది. ఇంకా తిప్పాను. ఇంకా తిరిగింది. దేన్నీ పట్టుకోకుండా, ఎక్కడా బిగుసుకోకుండా, నీళ్లలో గరిట తిప్పినట్టు తిరుగుతూనే ఉంది. లోపల రాడ్ ఉంది కానీ పేరుకే ఉంది. వాళ్లు మిగిలించింది అక్కడ.

మాస్టరును పక్కకు పిలిచి, గిటారు మెడ వంగిందని, తప్పు పిల్లవాడిది కాదని చెప్పాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. ఆయనకున్న వాద్యాలన్నీ నా మాట మీద కొన్నవే. ఈ గిటారుకు 'చాలేల్' అన్నది మీరే కదా, కుర్రాడు అప్పుడే గొప్పగా చెప్పుకున్నాడు, ఇప్పుడు వాణ్ణి చూసి మీకు జాలి కలిగింది, నాకూ కలిగింది అన్నాడు. నేను 'చాలేల్' అనలేదు, 'నడుస్తది' అన్నాను అని చెప్పాను. ఆ రెంటికీ తేడా ఏమిటని అడిగాడు. పెళ్లివారి కార్లు అప్పుడే లోపలికి వస్తున్నాయి. ఆ కార్లు వచ్చి ఆగేలోపు వివరించేంత చిన్న తేడా కాదు అది.

ఇంకో గిటారు కోసం సేటుకు ఫోను చేశాను. దుకాణానికి తాళం వేసి కుటుంబంతో నాగ్‌పూర్ వెళ్లాడు. ఇలాంటి కథల్లో సేట్లు ఊళ్లో ఉండరు.

మాస్టరు కీబోర్డు వాయించే కుర్రాడికి సైగ చేశాడు. కీబోర్డులో గిటారు శబ్దం ఇచ్చే బటన్ ఒకటుంటుంది. కుర్రాడు ఆ బటన్ నొక్కాడు. ప్రోగ్రాం బ్రహ్మాండంగా జరిగింది. బారాత్‌తో వచ్చిన మగపెళ్లివాళ్లు తెగ ఎగిరారు. గిటారు లేదని ఒక్కరికీ తెలియలేదు. అతను గిటారును కవరులో పెట్టి, జిప్పు మెల్లగా లాగి, నా ఆంప్లిఫయర్ల వెనక కూర్చున్నాడు. కదిలిన వైరును సరిచేశాడు కూడా. ఆమె కుర్చీ ఎప్పుడు ఖాళీ అయిందో నేను చూడలేదు.

తొలకరి పడ్డాక ఆమె ఒక్కతే దుకాణానికి వచ్చింది, ఎర్ర గిటారుతో. వెనక్కి తీసుకోమనలేదు, ఏమీ అడగలేదు. ఇక్కడ పెట్టుకోండి అంది.

“అది ఇంట్ల కనబడ్తే ఆయన చేతులు చూస్కుంట కూసుంటుండన్నా.”

తప్పు చేతులది కాదని, మెడదని, రాడ్‌దని చెప్పాను. కీ పెట్టి తిప్పి చూపించాను. అది ఆమె ముందు కూడా అదే నిబ్బరంతో తిరిగింది.

“నాకెర్కే. బాగున్నట్టా, బాగలేనట్టా అని ఆనాడే అడిగిన గద,” అంది. తర్వాత, నిష్ఠూరం కూడా లేకుండా, “మీరు నవ్విచ్చిండ్రు,” అంది.

హార్మోనియం పెద్దాయనకు నా ఆ మూడు మాటలు తప్ప తెలుగు రాదు. అయినా ఆమె వెళ్లేదాకా తల ఎత్తలేదు.

ఆ ఆదివారం గోడ మీది ఖరీదైన గిటారును ఘుగ్గుస్ తీసుకుపోతానని సేటును అడిగాను. అతను ఒక్కసారి దాన్ని వాయిస్తే, తప్పు ఎవరిదో తన చెవులతో తనే వింటాడని నా ఆలోచన. ఫిజిక్సు చదివినవాడి ఆలోచన. ప్రయోగం చేసి చూపిస్తే చాలనుకుంటాడు. సేటు 'చాలేల్' అన్నాడు.

కాలనీలో అతని ఇంటి వసారాలో కూర్చున్నాం. లారీలు పోతున్నాయి, దుమ్ము లేస్తోంది, దిగుతోంది. నేను చెప్పాల్సిందంతా చెప్పాను. జోకులు వేయలేదు. నా జీవితంలో అంత నీరసంగా ఎప్పుడూ మాట్లాడి ఉండను. అతను శ్రద్ధగా విని, ఆమెను టీ పెట్టమన్నాడు.

“మీది పెద్ద మనసన్నా. ఇంతదూరం వొచ్చి గిట్ల చెప్తుండ్రు.”

నేను గిటారు చేతికిచ్చాను. అతను లేచి వెళ్లి, చేతులు సబ్బుతో కడుక్కుని, తుడుచుకుని వచ్చి అందుకున్నాడు. దుకాణంలో వాయించిన పాటే మొదలుపెట్టాడు.

సుర్ తప్పింది.

మొదట నాకు అర్థం కాలేదు. మెడ చూశాను, నిటారుగానే ఉంది. అప్పుడు అతని వేళ్లు చూశాను. గోళ్లు తెల్లబడేలా నొక్కుతున్నాడు. చలికాలం నుంచీ, రోజురోజుకూ వంగుతున్న మెడతో కుస్తీపడి, పైకి లేచిన తంత్రిని తొక్కిపట్టడం నేర్చుకున్నాయి ఆ వేళ్లు. నేర్చుకోమని ఎవరూ చెప్పలేదు. అంత సాధన చేస్తే దానంతటదే వస్తుంది. మంచి గిటారు తంత్రి మెత్తన. దాన్ని అలా తొక్కితే సాగుతుంది, సాగితే సుర్ ఎక్కుతుంది. నా పాఠం నాకే అప్పజెప్పినట్టుంది. ఆనాడు వేళ్లది తప్పు కాదు. ఇప్పుడు వేళ్లదే.

అతను ఆపాడు. గిటారును నా ఒళ్లో పెట్టాడు.

“చూసిండ్రా అన్నా,” అన్నాడు, నన్ను ఓదారుస్తున్నట్టుగా.

కొన్ని నెలలు మెత్తగా వాయిస్తే పాత చేయి తిరిగి వస్తుందని చెప్పాను. అది నిజం. ప్రోగ్రాములప్పుడు ఆంప్లిఫయర్లతో పాటు గిటారు కూడా దుకాణం నుంచి ఇప్పిస్తానని చెప్పాను. అదీ చేయగలిగేవాణ్ణే. పోనియ్యన్నా అన్నాడు. ఆమె టీ తెచ్చింది. బాగుంది. 'బాగుంది' అనే అన్నాను. ఆమె నవ్వలేదు.

ఎర్ర గిటారు నేను మానేసే రోజు దాకా వెనక గదిలోనే ఉంది. ఎండాకాలం వంగి, వానాకాలం కొంచెం లేచి, మా అందరిలాగే. కొత్త సేల్స్‌మన్‌లకు హార్మోనియం పెద్దాయన నా మాటలకు అర్థాలు నేర్పడం మానేశాడు, ఎందుకంటే నేను ఆ మాటలు వాడటం మానేశాను. కొనమనో వద్దనో తేల్చి చెప్పేవాణ్ణి. 'వద్దు' అంటే జనం నొచ్చుకునేవారు. ఈయనకు గర్వం పెరిగింది అనేవారు. సేటు కూడా కొంచెం నొచ్చుకున్నాడు. నా మాట వల్ల ఇంకెవరైనా బాగుపడ్డారా అంటే చెప్పలేను. వద్దన్న గిటారును వాళ్లు ఫోనులో ఆర్డరు పెట్టుకుని తెప్పించుకునేవారు.

ఈమధ్య ఒక చావు పలకరింపుకు ఘుగ్గుస్ వెళ్తుంటే రైల్వే గేటు పడింది. బస్సు కిటికీలోంచి చూస్తే పక్కన బొగ్గు లారీ. దాని మీద ఎక్కి ఒక మనిషి తాడ్‌పత్రి పట్టా కప్పి తాళ్లు కడుతున్నాడు. తాడును గోళ్లు తెల్లబడేలా లాగి బిగిస్తున్నాడు. అతనే. తల కొంచెం నెరిసింది. నన్ను చూసి గుర్తుపట్టి, చేయి ఖాళీ లేక తలతోనే దండం పెట్టాడు.

“ఎట్లున్నవ్ తమ్మీ?” అని అరిచాను, ఇంజన్ల మోతలో.

“నడుస్తుందన్నా,” అన్నాడు.

ఆనాడు అతని భార్య నన్ను అడిగినట్టు నేనూ అడగాల్సింది. బాగున్నట్టా, బాగలేనట్టా అని. నోటి దాకా వచ్చింది. అడిగితే అతనూ నన్ను నవ్విస్తాడేమోనని భయమేసింది. గేటు లేచింది. బస్సు కదిలింది.